రక్తనాళాల ఆపరేషన్ తర్వాత మిగిలిన నష్టం: పాఠకుల ప్రశ్నలకు న్యాయ సలహా

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే కోవకు చెందినవి. నాలుగూ రక్తనాళాలకు సంబంధించిన చికిత్సలే. ప్రాణం మీదికి వచ్చి హడావిడిగా చేసినవి కాకుండా, తేదీ ఖాయం చేసుకుని, నడిచి వెళ్లి చేయించుకున్నవి. చట్టం దృష్టిలో ఈ తేడా చాలా పెద్దది. అత్యవసరంలో డాక్టరుకు దొరకని వ్యవధి ఇక్కడ దొరికింది కాబట్టి, ఆ వ్యవధిలో ఏ పరీక్ష చేశారు, రోగికి ఏం చెప్పారు అన్న ప్రశ్నలకు ఆసుపత్రి జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

ప్రశ్న: నా వయసు 46. ప్రైవేటు పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. రోజంతా నిలబడడం వల్ల ఎడమ పిక్కలో సిరలు ఉబ్బి, సాయంత్రానికి కాలు బరువెక్కేది. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వెరికోస్ వెయిన్స్‌కు ఆపరేషన్ చేయించుకుని పద్నాలుగు నెలలైంది. మోకాలి వెనుక కోసి సిరను తీసేశారు. మర్నాడు ఉదయం చూస్తే పాదం పైకి లేవడం లేదు. అడిగితే మొదట మత్తు ఇంకా పోలేదన్నారు, తర్వాత వాపు అన్నారు. ఆరు వారాలకు వేరే చోట నరాల పరీక్ష చేయిస్తే మోకాలి దగ్గర నరం దెబ్బతిన్నట్టు తేలింది. ఇప్పటికీ పాదాన్ని పట్టి ఉంచే స్ప్లింట్ లేకుండా నడవలేను. మొత్తం 1,40,000 రూపాయలు కట్టాం. గట్టిగా అడిగితే, "ఇది అందరికీ తెలిసిన కాంప్లికేషనే, మీరు సంతకం చేశారు కదా" అంటున్నారు. కేసు వేయవచ్చా? హైదరాబాద్‌కే తిరగాలా? పరిహారం ఎంత వస్తుంది? – పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వేయవచ్చు, హైదరాబాద్‌కు తిరగనవసరం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే వీలుంది కనుక మీకు ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. ఏ స్థాయి కమిషన్‌కు వెళ్లాలన్నది మీరు కోరే పరిహారాన్ని బట్టి కాక, చికిత్సకు చెల్లించిన సొమ్మును బట్టి తేలుతుంది. 50 లక్షల వరకు జిల్లా కమిషన్‌దే అధికారం. చెల్లించినది 5 లక్షలలోపు అయితే ఫీజు కూడా ఉండదు.

అసలు చిక్కు ఆసుపత్రి చెప్పే ఆ ఒక్క వాక్యంలో ఉంది. అందులో సగం నిజం, సగం తప్పించుకోవడం. మోకాలి వెనుక గుంటలో సిర, ధమని, కాలి కదలికను నడిపే నరాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, జాగ్రత్తపరుడైన సర్జన్ చేతిలోనూ అరుదుగా నరానికి దెబ్బ తగలవచ్చు. దెబ్బ తగిలినంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు. సాధారణ నైపుణ్యం గల డాక్టరు ఆ పరిస్థితిలో చేయవలసింది చేశాడా లేదా అన్నదే కొలమానమని జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లో స్పష్టం చేసింది. అయితే "తెలిసిన కాంప్లికేషన్" అన్న మాట ఆసుపత్రికి కవచం కూడా కాదు. తెలిసిన ప్రమాదమైతే దాన్ని తప్పించడానికి తెలిసిన జాగ్రత్తలూ ఉంటాయి. అవి తీసుకున్నట్టు కేసు షీటు చెప్పాలి.

సంతకం విషయానికి వద్దాం. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం, చికిత్స స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు తెలిసిన తర్వాత ఇచ్చినదే చెల్లుబాటయ్యే సమ్మతి. ఎక్కడో ఒకరికి జరిగే అరుదైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టనవసరం లేదని కూడా ఆ తీర్పే అన్నది. దీన్ని పట్టుకుని, పాదం పడిపోవడం చాలా అరుదు కాబట్టి చెప్పలేదని ఆసుపత్రి వాదించవచ్చు. కానీ ఒక నోటితో "అందరికీ తెలిసిన కాంప్లికేషన్" అని, ఇంకో నోటితో "చెప్పనక్కర్లేనంత అరుదు" అని అనడం కుదరదు. వారి మాటను లిఖితపూర్వకంగా రాబట్టగలిగితే ఈ రెండింటిలో ఏదో ఒకదానికి వారు కట్టుబడి ఉండాలి. సమ్మతి పత్రం మీకు తెలిసిన భాషలో ఉందా, ఖాళీలు నింపిన తర్వాతే సంతకం తీసుకున్నారా, సంతకం పక్కన ఏ సమయం వేసి ఉంది అన్నవి చూడండి. థియేటర్‌లోకి తీసుకెళ్తూ ట్రాలీ మీద పెట్టించిన సంతకానికి, రెండు రోజుల ముందు ఓపీలో కూర్చోబెట్టి చెప్పి తీసుకున్న సంతకానికి ఉన్నంత విలువ ఉండదు.

ప్రత్యామ్నాయాల ప్రస్తావన కూడా ముఖ్యమే. ఉబ్బిన సిరలకు బిగుతు మేజోళ్లు, ఇంజెక్షన్, లేజర్ లేదా రేడియో తరంగాలతో సిరను లోపలి నుంచి మూసివేయడం, కోసి తీయడం అనే దారులున్నాయి. బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వేడితో మూసివేసే పద్ధతులకు మొదటి స్థానం, కోసి తీయడానికి తర్వాతి స్థానం ఇచ్చింది. అది మన కమిషన్లను కట్టిపడేసే నియమం కాదు, కోసి తీయడం ఒప్పుకున్న పద్ధతే కాబట్టి ఆ పద్ధతిని ఎంచుకోవడమే నిర్లక్ష్యమని వాదించకండి. మిగతా దారులున్నాయని మీకు చెప్పారా లేదా అన్నంత వరకే ఆ వాదన నిలుస్తుంది.

నా దృష్టిలో మీ కేసుకు బలం ఆపరేషన్ బల్ల దగ్గర కంటే ఆ తర్వాతి గంటల్లోనే ఎక్కువగా ఉంది. నడుముకు ఇచ్చే మత్తు రెండు కాళ్ల మీదా పనిచేస్తుంది, సాధారణంగా కొన్ని గంటల్లో దిగిపోతుంది. కుడి కాలు మామూలుగా కదులుతూ ఎడమ పాదం ఒక్కటే మర్నాటి ఉదయానికి కూడా లేవకపోతే దాన్ని మత్తు ఖాతాలో వేయడం కష్టం. పైగా పాదాన్ని పైకి లేపే నరం మోకాలికి బయటి వైపు, పిక్కలోని సన్నటి ఎముక పైభాగాన్ని చుట్టుకుని, చర్మానికి అతి దగ్గరగా పోతుంది. ఆపరేషన్ తర్వాత చుట్టిన బిగుతు కట్టు అక్కడ ఒత్తినా అది దెబ్బతినవచ్చు. కాబట్టి పాదం లేవడం లేదన్నప్పుడు ముందు చేయవలసిన పని కట్టు విప్పి చూడడం, సర్జన్‌ను పిలవడం, నరాల నిపుణుడికి చూపించడం. నర్సుల నోట్స్‌లో ఆ ఉదయం "ఎడమ పాదం పైకి లేపలేకపోతున్నారు, డ్యూటీ డాక్టరుకు తెలియజేశాము" అని ఒక్క వాక్యం ఉండి, దాని కింద సాయంత్రం దాకా ఏ డాక్టరు రాతా లేకపోతే, మీ న్యాయవాది పది పేజీల వాదన కంటే ఆ ఖాళీయే ఎక్కువ చెబుతుంది.

అందువల్ల ఈ వారంలోనే రికార్డులు అడగండి. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నియమావళి ప్రకారం రోగి గానీ, రోగి అధికారమిచ్చిన వ్యక్తి గానీ అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు వాటిని భద్రపరచాలి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే ఇచ్చి పంపితే ఒప్పుకోకండి. ఆపరేషన్‌కు ముందు తీసిన డాప్లర్ (రక్తప్రవాహాన్ని చూపే) స్కాన్ రిపోర్టు, సమ్మతి పత్రం, ఆపరేషన్ నోట్, మత్తు డాక్టరు చార్టు, నర్సుల నోట్స్ పేరుపేరునా రాసి అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. డాప్లర్‌ను ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఏ సిరలో కవాటాలు చెడ్డాయో, లోతైన సిరలు సరిగా తెరుచుకుని ఉన్నాయో లేదో చూడకుండా పైసిరను తీసేయడాన్ని ఏ నిపుణుడూ సమర్థించడు. లోపలి దారి మూసుకుపోయిన కాలిలో రక్తం తిరిగి పైకి పోవడానికి ఆ పైసిరే దిక్కు కావచ్చు.

నిపుణుడి అభిప్రాయం తప్పనిసరా అని చాలామంది అడుగుతారు. ప్రతి వైద్య ఫిర్యాదునూ ముందు నిపుణులకు పంపాలని 2009లో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి అన్నది. మరుసటి ఏడాదే వి. కిషన్ రావు కేసులో అది అవసరం లేదని తేలింది. ఆ కేసు మన హైదరాబాద్‌దే. మలేరియా విభాగంలో ఉద్యోగి అయిన వ్యక్తి జ్వరంతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చేర్పిస్తే, మలేరియాకు బదులు టైఫాయిడ్‌కు వైద్యం చేశారన్నది ఆయన ఫిర్యాదు. జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల పరిహారాన్ని సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. అయినా మీ కేసులో మాత్రం అభిప్రాయం తీసుకోమనే అంటాను. నరం ఎక్కడుంటుందో, దాన్ని ఎలా కాపాడుకుంటూ కోయాలో కమిషన్ సభ్యులకు లోకజ్ఞానంతో తెలిసే విషయం కాదు.

గడువు రెండేళ్లు. అది మీకు పాదం లేవని ఉదయం నుంచే మొదలైందనుకుని లెక్కేసుకోండి, నరాల పరీక్ష తేదీ నుంచి కాదు. నష్టం కంటికి కనిపిస్తుంటే గడువు ఆనాటి నుంచే నడుస్తుందని, లోపల దాగి ఉంటేనే తెలిసిన నాటి నుంచి లెక్కించాలని శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. ఆ కేసులో పిత్తాశయం ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి నొప్పి అనుభవించిన మహిళ కడుపులో గాజ్ గుడ్డ (రక్తం తుడిచే పలచటి గుడ్డ) దొరికింది. ఆమె స్వయంగా నర్సు అయి ఉండీ అంతకాలం సర్జన్‌ను సంప్రదించలేదన్న కారణంతో ఫిర్యాదు గడువు మీరిందన్నారు. కఠినమైన తీర్పే, కానీ ఉన్నది అది. నోటీసులు, జవాబులు, మళ్లీ నోటీసులు అంటూ మిగిలిన పది నెలలూ కరగనీయకండి.

పరిహారం ఎంత వస్తుందన్నారు. నిమ్స్‌కు, ప్రశాంత్ ధనంకకు మధ్య నడిచిన కేసులో 2009లో సుప్రీంకోర్టు కోటి రూపాయలు ఇప్పించింది. ఇరవై ఏళ్ల ఇంజనీరింగ్ విద్యార్థికి 1990లో ఛాతీలో వెన్ను పక్కన ఉన్న గడ్డకు ఆపరేషన్ చేసినప్పుడు రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. ముందే నిర్ణయించుకుని చేసిన ఆపరేషన్ అయినా న్యూరోసర్జన్‌ను తోడు తీసుకోలేదని, ముక్క పరీక్షకు ఇచ్చిన సమ్మతితో గడ్డ మొత్తం తీసేశారని కోర్టు తప్పుపట్టింది. మీ నష్టం ఆ స్థాయిది కాదు కనుక ఆ అంకెను ఆశించకండి. అయిన ఖర్చు, పోయిన జీతం, స్ప్లింట్లు, ఫిజియోథెరపీ, మున్ముందు పాదం లేపడానికి కండర స్నాయువును మార్చి కుట్టే శస్త్రచికిత్స అవసరమైతే దాని ఖర్చు, బాధకు పరిహారం విడివిడిగా, బిల్లులతో చూపండి. ఆ శస్త్రచికిత్స మీకు పనికొస్తుందేమో నరాల సర్జన్‌ను కేసు కంటే ముందే కలవండి. దెబ్బతిన్న నరం తనంతట తాను కోలుకునే అవకాశం నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది.

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు, షుగరు ఉంది. నాలుగు అడుగులు వేస్తే పిక్క పట్టేస్తుంటే కాలి రక్తనాళాలకు యాంజియోగ్రామ్ చేస్తామన్నారు. నాన్నగారు సంతకం చేశారు. లోపలికి తీసుకెళ్లాక నన్ను పిలిచి, బ్లాక్ ఉంది, ఇప్పుడే స్టెంట్ వేస్తామని నాతో సంతకం పెట్టించుకున్నారు. రెండో రోజు గజ్జల్లో సూది గుచ్చిన చోట పెద్ద వాపు వచ్చింది. ధమని గోడ నుంచి రక్తం కారి సంచిలా కట్టిందని చెప్పి, మళ్లీ ఆపరేషన్ చేసి బిల్లు వేశారు. నా సంతకంతో స్టెంట్ వేయడం సరైనదేనా? – పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు మీ నాన్నగారు సంతకం చేసిన కాగితం తెప్పించుకుని చదవండి. చాలా ఆసుపత్రుల ఫారాల్లో "యాంజియోగ్రామ్, అవసరమైతే యాంజియోప్లాస్టీ (మూసుకున్న రక్తనాళాన్ని తెరవడం)" అని ముందే అచ్చయి ఉంటుంది. అలా ఉండి, దాని అర్థం ఆయనకు వివరించి ఉంటే సమ్మతి గురించిన వాదన బలహీనపడుతుంది. యాంజియోగ్రామ్ ఒక్కదానికే అయితే సమీరా కోహ్లీ తీర్పు నేరుగా వర్తిస్తుంది. అక్కడ పరీక్ష కోసం మత్తులో ఉన్న మహిళకు, బయట కూర్చున్న తల్లి ఒప్పుకున్నదని గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు చెల్లదని, తల్లి ఒప్పుకోలు రోగి సమ్మతి కాదని కోర్టు అన్నది. మీ నాన్నగారి విషయంలో ఇది ఇంకా స్పష్టం. యాంజియోగ్రామ్ సాధారణంగా గజ్జల దగ్గర మాత్రమే తిమ్మిరెక్కించి చేస్తారు. మనిషి మెలకువగా ఉంటాడు. బల్ల మీద ఉన్నవారిని అడగకుండా గుమ్మం బయట ఉన్న కొడుకును అడగడానికి కారణమేమిటో ఆసుపత్రి చెప్పాలి. నడిస్తేనే వచ్చే పిక్క నొప్పికి స్టెంట్ ఆ క్షణమే వేయకపోతే కొంప మునిగేదేమీ ఉండదు, వ్యాయామం, మందులు, పొగ మానడం వంటి దారులు మొదట చెప్పవలసినవి.

గజ్జల్లో వాపు వేరే సంగతి. గుచ్చిన చోట అలా రక్తం సంచికట్టడం ఈ పరీక్షల్లో తెలిసిన ఇబ్బందే, దానికదే తప్పు కాదు. గొట్టం తీశాక తగినంతసేపు నొక్కి పట్టారా, కాలు కదపకుండా పడుకోబెట్టారా, వాపు మొదలైందని మీరు చెప్పాక స్కాన్ ఎంతసేపటికి తీశారు అన్నవే అక్కడ ప్రశ్నలు. నా సలహా అడిగితే, సమ్మతి లేని స్టెంట్‌ను ముందు పెట్టి, వాపును దాని వెనుక పెట్టండి.

ప్రశ్న: డయాలసిస్ కోసం మా అమ్మ చేతికి ఫిస్టులా (ధమనిని సిరతో కలిపే) ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కింద ప్రైవేటు ఆసుపత్రిలో చేశారు. అప్పటి నుంచి వేళ్లు చల్లబడి, రెండు వేళ్ల కొనలు నల్లబడ్డాయి. ఫిర్యాదు చేస్తామంటే, మీరు పైసా కట్టలేదు కాబట్టి మీరు వినియోగదారులే కారంటున్నారు. – పాఠకురాలు, వరంగల్

జవాబు: ఈ ఉత్తరం మాకు అందిన రోజే మీకు ఫోన్‌లో చెప్పిన మాటే ఇక్కడా రాస్తున్నాం. ఫిర్యాదు తర్వాత, ముందు అమ్మగారిని రక్తనాళాల సర్జన్‌కు చూపించండి. చేతికి వెళ్లవలసిన రక్తాన్ని ఫిస్టులా లాగేసుకుంటే వేళ్లు అలా అవుతాయి. త్వరగా సరిచేస్తే వేళ్లు దక్కుతాయి.

ఆసుపత్రి వాదన నిలవదు. 1995లో డాక్టర్ల సంఘమైన ఐఎంఏకు, వి.పి. శాంతకు మధ్య కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కొందరి దగ్గర డబ్బు తీసుకుంటూ కొందరికి ఉచితంగా చేసే ఆసుపత్రిలో ఉచితంగా చేయించుకున్నవారు కూడా వినియోగదారులే. ఆరోగ్యశ్రీలో అయితే అసలు ఉచితమే కాదు, మీ తరఫున ప్రభుత్వం చెల్లిస్తున్నది. ఎవరి దగ్గరా రుసుము తీసుకోని సర్కారు దవాఖానాలో జరిగి ఉంటే మాత్రం ఈ దారి మూసుకునేది, సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్లవలసి వచ్చేది.

ప్రశ్న: మా ఆయనకు గజ్జల దగ్గర వెరికోస్ సిర కట్టేయబోయి ధమనిని కట్టేసి కోశారు. మధ్యాహ్నం రెండింటికే కాలు చల్లగా ఉందని చెప్పాను. రాత్రి పదకొండుకు పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ బైపాస్ చేసి కాలు నిలబెట్టారు గానీ పిక్క కండరం కొంత తీసేశారు. ఇప్పుడు రెండు లక్షలు ఇస్తాం, ఒక లెటర్ మీద సంతకం చేయమంటున్నారు. పోలీసు కేసు పెడితే ఇంకా ఇస్తారని బంధువులు అంటున్నారు. – పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: నాలుగు ఉత్తరాల్లోనూ గట్టి కేసు మీదే. ధమని కొట్టుకుంటుంది, సిర కొట్టుకోదు. కట్టేసే ముందు ఆ తేడా చూడకపోవడాన్ని సమర్థించడం ఎవరికైనా కష్టం. జరిగిన పనే నిర్లక్ష్యాన్ని చెబుతుందన్న సూత్రం ఇలాంటి చోటే పనికొస్తుంది. అంతకంటే ముఖ్యమైనవి ఆ తొమ్మిది గంటలు. రక్తం అందని కాలి కండరాలకు ఆరు గంటల ప్రాంతంలోనే కోలుకోలేని నష్టం మొదలవుతుంది. రెండింటికి మీరు చెప్పినట్టు నర్సుల నోట్స్‌లో ఉందేమో చూడండి. లేకపోతే ఆ సమయంలో మీరు బంధువులకు చేసిన ఫోన్ కాల్స్, పంపిన మెసేజీలు చెరిపేయకండి. పెద్దాసుపత్రి అడ్మిషన్ నోట్‌లో కాలు ఏ స్థితిలో వచ్చిందో రాసి ఉంటుంది, దాన్ని తప్పక తీసుకోండి.

పోలీసు కేసును బేరానికి వాడుకోవద్దనే నేను అంటాను. భారతీయ న్యాయ సంహిత 125వ సెక్షన్ కింద ఫిర్యాదు ఇవ్వవచ్చు. అయితే డాక్టరు మీద చర్యకు ముందు పోలీసులు స్వతంత్ర వైద్య అభిప్రాయం తీసుకోవాలని, ఆ రంగానికే చెందిన ప్రభుత్వ డాక్టరైతే మంచిదని, తీవ్ర స్థాయి నిర్లక్ష్యం ఉంటేనే నేరమవుతుందని జేకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది. అది తేలేసరికి ఏళ్లు పట్టవచ్చు, అక్కడ డాక్టరుకు జైలో జరిమానాయో పడవచ్చు గానీ, మీ చేతికి చెప్పుకోదగ్గ పరిహారం వచ్చే అవకాశం తక్కువ. రాష్ట్ర వైద్య మండలికి ఫిర్యాదు చేస్తే డాక్టరు రిజిస్ట్రేషన్ మీద చర్య ఉండవచ్చు, అదీ పరిహారం ఇప్పించదు.

రెండు లక్షల లెటర్ మీద ఇప్పుడు సంతకం చేయకండి. "పూర్తి, తుది పరిష్కారం" అన్న మాట ఉంటే తర్వాత వెనక్కి తిరగడం చాలా కష్టం. "ఎలాంటి నిర్లక్ష్యమూ జరగలేదని అంగీకరిస్తున్నాము" అన్న మాట ఉంటే అసలు చేయకండి. బైపాస్ వేసిన నాళం మున్ముందు మూసుకుపోయే అవకాశం ఉంటుంది, అప్పటి ఖర్చు ఆ రెండు లక్షల్లో లేదు. జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేశాక ఇరు పక్షాలూ ఒప్పుకుంటే చట్టమే మధ్యవర్తిత్వానికి పంపుతుంది, అక్కడ కుదిరిన ఒప్పందం కమిషన్ ఉత్తర్వు అవుతుంది, డబ్బు ఎగ్గొడితే అమలు చేయించుకోవచ్చు. రాజీకే మొగ్గు ఉన్నా ఆ దారిలోనే చేసుకోండి. మాట్లాడుకోవడానికి రమ్మని పిలిచినప్పుడు జిరాక్సులు మాత్రమే పట్టుకెళ్లండి, స్కాన్ సీడీలు, ఒరిజినల్ కాగితాలు ఇంట్లోనే ఉంచండి.